సున్నా వచ్చిందంటే లేదని కాదు

తెర మీద సున్నా కనిపిస్తే సంబరపడిపోయే మనిషిని నా ఉద్యోగం మొత్తంలో ఒక్కరినే చూశాను. ఆయన మా కాలేజీలో పారిశ్రామిక భద్రత విభాగానికి పెద్ద, పీహెచ్‌డీ పిల్లలకు గైడు. పేరు మెహతా సార్ అనుకోండి. మనిషి మంచివాడు, చేతికి ఎముక లేనివాడు. చిక్కల్లా ఆ సున్నాతోనే.

నేను సూరత్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం. బదిలీ మీద రాజమండ్రి నుంచి వచ్చి, రెండేళ్లలో వెళ్లిపోదామనుకుని, ఇక్కడే పాతుకుపోయాం. ఈమధ్య లైబ్రరీ సైన్సు చదివిన పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "అన్నీ నెట్‌లో దొరుకుతుంటే లైబ్రేరియన్ దేనికి ఆంటీ?" వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, నా మీద పెట్టిన ఫిర్యాదులు ఎవరికీ అక్కర్లేదు. కరోనా రోజుల్లో ఒక అమ్మాయి కోసం వెతికిన వెతుకులాట చెబుతాను. నా ఉద్యోగం ఏమిటో అందులోనే తెలుస్తుంది.

సున్నాకి చాయ్

ముందు మెహతా సార్ పద్ధతి చెప్పాలి. కొత్త విద్యార్థి చేరగానే ఆయన మొదట చేసే పని థీసిస్‌కి పేరు పెట్టడం. ఆ పేరు గూడ్సు బండంత ఉంటుంది. 'సూరత్ నగరంలోని పవర్‌లూమ్ కార్మికుల వినికిడి శక్తిపై మగ్గాల శబ్దం చూపే ప్రభావం: లింబాయత్ ప్రాంతానికి ప్రత్యేక ప్రస్తావనతో ఒక అధ్యయనం.' ఇదంతా ఇంగ్లీషులో. దీన్ని ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా డేటాబేసులో వెతికే చోట కొట్టించి, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టించేవారు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. డేటాబేసు అంటే వేల పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాలను ఒకచోట పేర్చిన పెద్ద కొట్టు. అందులో కొటేషన్ గుర్తులు పెట్టి వెతికితే, ఆ మాటలన్నీ అదే వరుసలో, పొల్లు పోకుండా ఉన్న వ్యాసం కోసమే అది చూస్తుంది. నిన్న సాయంత్రం మెహతా సార్ పెట్టిన పేరు ప్రపంచంలో ఇంకెవరు పెట్టి ఉంటారు? సున్నా వస్తుంది. రాక ఏం చేస్తుంది?

"చూశావా!" అనేవారు ఆయన. "ప్రపంచంలో ఎవ్వరూ చేయలేదు. మనమే ఫస్టు." ఆ సున్నాను ఫొటో తీయించి, థీసిస్ మొదటి అధ్యాయంలో అతికించమనేవారు. ఆ రోజు విభాగం మొత్తానికి అల్లం చాయ్ ఆయన ఖర్చు. కొత్తవాళ్లెవరూ చేరని ఎండాకాలంలో ఆఫీసు గుమాస్తాలు కూడా "సార్, ఈ మధ్య సున్నా ఏమీ రాలేదా" అని ఆశగా అడిగేవారు.

నేను ఒకసారి ఉండబట్టలేక, "సార్, మా అత్తగారి పేరు, మా వీధి చివర కిరాణా కొట్టు పేరు కలిపి కొట్టినా సున్నాయే వస్తుంది. మా అత్తగారి మీద కూడా పీహెచ్‌డీ చేయిస్తారా?" అన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా నవ్వి, నాకూ ఒక కప్పు చాయ్ తెప్పించారు.

ఈ సరదా ఒక కుర్రాడి కొంప ముంచింది. టాపిక్ పాసయ్యే మీటింగులో అతను 'దీని మీద ఎవరూ పని చేయలేదు' అని గట్టిగా చెప్పాడు. పరీక్షించడానికి వచ్చిన బయటి ప్రొఫెసర్ సంచీలోంచి ఒక పత్రిక తీసి బల్ల మీద పెట్టాడు. అదే విషయం మీద ఆయన స్వయంగా రాసిన వ్యాసం అందులో ఉంది. టాపిక్ పోయింది, కుర్రాడు మళ్లీ మొదటికొచ్చాడు. మెహతా సార్ మాత్రం, "పేరు ఇంకొంచెం పొడుగ్గా పెట్టాల్సింది" అన్నారు.

రింగ్ రోడ్డులో చీర అడిగినట్టు

నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది తమకు కావలసింది అడగరు. అడిగితే దొరుకుతుందనుకున్నది అడుగుతారు. "మేడమ్, పొల్యూషన్ పుస్తకం ఉందా?" అంటాడు. కాసేపు కూర్చోబెట్టి కదిలిస్తే, వాడికి కావలసింది రంగుల అద్దకం నీళ్లు తాపీ నది చేపలను ఏం చేస్తున్నాయన్నది. మొదటి ప్రశ్నకి జవాబిచ్చి పంపేస్తే మీరు లైబ్రేరియన్ కారు, బీరువా.

పిల్లలకు నేను రింగ్ రోడ్డు బట్టల బజారు చూపించి చెప్పేదాన్ని. మన దగ్గర అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. కొట్లోకి వెళ్లి ఊరికే "చీర" అంటే, కొట్టువాడు మీ మోకాళ్ల దాకా చీరలు పారేస్తాడు. "పోయినేడు మా పిన్ని కూతురి పెళ్లిలో వాళ్ల ఆడపడుచు కట్టుకున్న చీర" అంటే, "నహీ హై బెహన్‌జీ" అంటాడు. సూరత్‌లో చీరలు అయిపోయాయా? మీరు అడిగిన తీరు అది. "కాటన్, నీలం, సన్న అంచు" అంటే పది తీసి ముందు పెడతాడు, వాటిలో ఒకటి మీదే అవుతుంది. మెహతా సార్ ఎప్పుడూ ఆడపడుచు చీరే అడిగేవారు.

తాళం పడ్డ లైబ్రరీ

లాక్‌డౌన్ వచ్చింది. లైబ్రరీకి తాళం వేసి ఇంటికి వచ్చేశాను. పుస్తకాలకు సెలవు కానీ నాకు లేదు. కాలేజీ లోపలి నుంచి చూసేవాళ్లకే డేటాబేసు తలుపు తీస్తుంది. ఇంట్లో కూర్చుని తెరిస్తే నువ్వెవరని అడుగుతుంది. ఆ సంగతి అన్నేళ్లు వాడినవాళ్లకు కూడా తెలియదు.

"మేడమ్ జీ, మీ డేటాబేసు నన్ను గుర్తుపట్టడం లేదు" అని మెహతా సార్ ఫోను. అలిగిన అల్లుడి గొంతు. ఇంటి నుంచి తెరుచుకునే ఏర్పాటు చేయించి, అందరికీ కాలేజీ మెయిల్‌లో పాస్‌వర్డులు పంపాను. మర్నాటి నుంచి పాస్‌వర్డు పనిచేయడం లేదని ఫోన్లు. ఫోను చేసినవాళ్లలో ముప్పాతిక మంది ఆ మెయిల్ ఒకసారైనా తెరిచి చూడనివాళ్లే.

ఇక ఆన్‌లైన్ క్లాసులు. మొదటి క్లాసులో వెతికే మాటలను కలిపే పద్ధతి చెబుతున్నాను. సరిగ్గా అప్పుడు మా ఆయన మునక్కాడల కట్ట పట్టుకుని కెమెరాకీ నాకూ మధ్యలోకి వచ్చాడు. "ఇవి సాంబారులోకా, కూరలోకా?" కెమెరా ఉందని చెప్పేలోపే క్లాసులో ఎవరో గుజరాతీ పిల్లాడు "సాంబార్, అంకుల్!" అని అరిచాడు. మా ఆయన వంగి తెరలోకి చూసి, "థాంక్యూ బేటా" అని వెళ్లిపోయాడు.

నేను దాన్నే పాఠం చేసేశాను. మునక్కాడ అన్న మాటకి 'సాంబారు ఆర్ కూర' అని జత చేస్తే సాంబారు గిన్నె వస్తుంది, కూర గిన్నె వస్తుంది, రెండూ వస్తాయి. అదే 'సాంబారు యాండ్ కూర' అంటే రెండూ ఒకే గిన్నెలో ఉంటేనే వస్తుంది. 'నాట్ కూర' అంటే, కూర అన్న మాట ఎక్కడ కనిపించినా ఆ గిన్నెను బయట పారేస్తుంది. అందులో మంచి సాంబారు ఉన్నా సరే. అందుకని నాట్ జోలికి పోకండి. ఆ తర్వాత ఏ పరీక్షలోనూ మా పిల్లలు ఈ మూడూ తప్పు రాయలేదు. మా ఆయన ఆ ఘనత తనదేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ క్లాసు అయిపోయాక ఒకమ్మాయి ఫోను చేసింది. వెనక ఎవరో గొంతు చించుకుని మాట్లాడుతున్నారు. కొట్లాటేమో అనుకున్నాను.

"కొట్లాట కాదు మేడం, మా బాపు అవ్వను నీళ్లు అడుగుతుండు. మా ఇంట్ల అందరం గిట్లనే మాట్లాడ్తం. నేను శ్రీలతను. మెహతా సర్ స్టూడెంట్‌ను. మీరు తెలుగోల్లని మునక్కాడలప్పుడు తెల్సింది."

మా గల్లీల కుక్కకు గూడ తెల్సు

శ్రీలత వాళ్లది సిరిసిల్ల వైపు నేతపని కుటుంబం. పుట్టింది, పెరిగింది లింబాయత్‌లో. తండ్రి మల్లేశం చిన్నప్పటి నుంచి పవర్‌లూమ్‌ల మీదే పని. వాళ్లు వాటిని సాంచాలు అంటారు. పైన చెప్పిన గూడ్సు బండంత పేరు ఈ అమ్మాయి థీసిస్‌దే. సున్నా వచ్చింది, ఫొటో తీశారు, కరోనా కాబట్టి చాయ్ కప్పు బొమ్మను సార్ వాట్సాప్‌లో పెట్టారు.

"మరి ఇబ్బందేమిటి తల్లీ?" అన్నాను.

"సాంచాల సప్పుడుకు చెవులు పోతయని మా గల్లీల కుక్కకు గూడ తెల్సు మేడం. గది ప్రపంచంల ఎవ్వలకు తెల్వదంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు."

నా ఉద్యోగంలో ఒక విద్యార్థి నోట విన్న మంచి మాటల్లో అది మొదటిది. వెతుకులాటకు ముందు కావలసింది ఆ అనుమానమే. కంప్యూటరు చెప్పింది కదా అని నమ్మేసేవాళ్లకు నేను నేర్పగలిగింది ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. సాంచాలు ఆగిపోయాయి. అమ్మా నాన్నా రైళ్లు నడిస్తే ఊరెళ్లిపోదామంటున్నారు. "మీటింగుల టాపిక్ పాసయితే ఫెలోషిప్ ఉంటది, నేను ఈడనే హాస్టల్‌ల ఉండి చదువుకుంటా. కాకుంటే ఫెలోషిప్ బంద్. నేను గూడ బిస్తర్ కట్టుడే. మల్ల ఎవ్వలు పంపరు మేడం."

నాకు ఆ పాత కుర్రాడి సంగతి, బల్ల మీద పెట్టిన పత్రిక గుర్తొచ్చాయి. ఆ రోజే మొదలుపెట్టాం. ఆమె ఫోనులో, నేను ల్యాప్‌టాప్ ముందు. ఆ పొడుగు పేరును ముక్కలు చేయించాను. ఎవరు? నేసేవాళ్లు. ఏమిటి? వినికిడి. దేనివల్ల? శబ్దం. 'అధ్యయనం', 'ప్రభావం', 'ప్రత్యేక ప్రస్తావన' లాంటివి ఊరికే బరువు, తీసి పారేశాం. 'సూరత్' కూడా తీసేశాం. చెవి సూరత్‌లో ఒకలా, ఇంకోచోట ఒకలా పోదు కదా. తర్వాత ఒక్కో ముక్కకీ ఇంకా ఏమేం పేర్లున్నాయో రాయించాను. నేసేవాళ్లను కొందరు నేతగాళ్లంటారు, కొందరు బట్టల మిల్లు కార్మికులంటారు, కొందరు మగ్గం పేరు మాత్రమే రాస్తారు. ఆ పేర్ల మధ్య ఆర్, ముక్కల మధ్య యాండ్. మాట ముందు భాగం రాసి నక్షత్రం గుర్తు పెడితే దాని తోకలన్నీ అదే పట్టుకొస్తుందని కూడా చెప్పాను.

వచ్చాయి. వందల్లో వచ్చాయి. మన దేశంలోవి, బయటివి, పాతవి, కొత్తవి. శ్రీలత సన్నగా, "నా పని ఖతం మేడం" అంది. ఏడుస్తోంది.

నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. చదువుకునే పిల్లకు చదవడానికి దొరికితే ఏడుపు రావడం ఏమిటి? ఎవరు నేర్పారు ఈ పాఠం? "పిచ్చిదానా, నువ్వు ఎక్కబోయే బండిలో జనం ఉన్నారంటే ఆ బండి ఎక్కడికో వెళుతోందని అర్థం. వాళ్లంతా ఎక్కడ దిగిపోయారో చూడు. అక్కడి నుంచి నీ దారి" అన్నాను. రైల్వే వాడి భార్యను, నాకు ఈ పోలికలే వస్తాయి.

మెహతా సార్‌కి సంగతి చెబితే ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "సున్నా వచ్చాక కూడా ఎవరైనా వెతుకుతారా? ఎందుకు వెతికారు?" అన్నారు.

"నాకు జీతం దానికే ఇస్తున్నారు సార్" అన్నాను.

వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. పైవాళ్లతో ఇలాంటి తగవు వస్తే కంగారుపడకండి. నిజం చెప్పి, ఊరుకుని, పని చేసుకుపోండి. మీతో పని పడేసరికి వాళ్లే ఫోను చేస్తారు.

శ్రీలత మాత్రం కూర్చుని చదివింది. మంచి వ్యాసం ఒకటి దొరికితే దాని చివర ఉన్న పాత వ్యాసాల పట్టీ పట్టుకుని వెనక్కి వెళ్లడం, దాన్ని తర్వాత ఎవరెవరు వాడుకున్నారో చూసి ముందుకు రావడం నేర్చుకుంది. ఉచితంగా పూర్తిగా తెరుచుకునేవే చదువుతానంటే ఒప్పుకోలేదు నేను. అది ఎక్కడో పోయిన ఉంగరాన్ని దీపం ఉన్నచోటే వెతకడం. మూసి ఉన్నవి ఇతర లైబ్రేరియన్లను బతిమాలి తెప్పించాను. అంతా చదివి ఒక రోజు నాకు ఫోను చేసి చెప్పింది. "మేడం, అందరు మిషిన్ పెట్టి చెవులు చూసిండ్రు. ఎంత పోయింది, ఎన్నేండ్లల్ల పోయింది, అంతే రాసిండ్రు. పోయినంక మనిషి ఎట్ల బతుకుతుండో ఎవ్వలు అడగలే. కని నేనేం అడగాల్నో నాకే సమజ్ అయితలేదు."

అక్కడ ఆగిపోయింది. మీటింగు తేదీ దగ్గరపడుతోంది.

మాస్కు పెట్టినంక

సాంచాలు మళ్లీ నడవడం మొదలయ్యాయి. తెప్పించిన వ్యాసాల కాగితాలు ఇవ్వడానికి ఒక ఆదివారం పొద్దున నేనే లింబాయత్ వెళ్లాను. వాళ్లింట్లో ఒకటే గది. గుమ్మంలో మల్లేశం గారు, తెల్లటి బనీను, మెడ మీదికి జారిన మాస్కు. నేనూ రెండు మాస్కులు బిగించుకున్నాను.

"నమస్తే అండీ, ఒంట్లో బాగుందా?" అన్నాను.

"ఆఁ ఆఁ" అన్నారు తల ఊపుతూ.

"పని సరిగ్గా దొరుకుతోందా?"

"ఆఁ ఆఁ."

"అమ్మాయి లేదా ఇంట్లో?"

"ఆఁ ఆఁ" అని నన్ను చూసి నవ్వుతున్నారు తప్ప పక్కకు జరగరు. లోపలి నుంచి శ్రీలత తల్లి వచ్చి తన మాస్కు కిందికి లాగి, "పొల్లను అడుగుతున్నరు, జరుగు" అంది. ఆయన వెంటనే జరిగారు.

కూర్చున్నాక ఆయనే తన బాధ చెప్పుకున్నారు. "ఏం చెప్పాలె మేడం, గీ మాస్కులు వచ్చినంక నా చెవులు పోయినయ్. దీని దారం చెవులను గుంజి గుంజి నరం పాడు చేసింది. నా ఒక్కనికే గాదు, కార్ఖానల మా సాంచాలోల్లందరికి గదే బీమారి. సేఠ్‌కు చెప్పినం, దారం లేని మాస్కు ఇప్పియ్యమని."

"అంతకుముందు బాగా వినిపించేదా?" అని అడిగాను.

"ఆఁ ఆఁ" అన్నారు.

శ్రీలత నా వైపు చూసింది. చూపు మారిపోయింది. "మేడం, జర మాస్కు కిందికి తీసి అడుగుండ్రి" అంది. కిటికీ దగ్గరికి జరిగి, మాస్కు తీసి, అదే ప్రశ్న అదే గొంతుతో అడిగాను.

"మస్తు ఇనవడేది మేడం! సాంచాల సప్పుడుల గూడ ఆ కొసకున్నోడు ఏమంటుండో ఈ కొస నుంచి చెప్పేటోన్ని. మాకు సప్పుడొక లెక్కనా?" అన్నారు గర్వంగా.

"బాపూ, ఎట్ల ఇంటవే గంత సప్పుడుల?" అంది శ్రీలత.

"ఎట్ల ఇనుడేంది? మొకం దిక్కు చూస్తే సమజ్ అయితది" అన్నారు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

శ్రీలత చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది. మగ్గాల మోతలో పని చేసేవాళ్లు ఎవరూ చెవులతో మాట్లాడుకోరు. పెదవులు చూసి మాట్లాడుకుంటారు. అలవాటు ఎంత ముదిరిందంటే, చెవులు ఎప్పుడు పోయాయో వాళ్లకే తెలియదు. ఇప్పుడు పెదవుల మీద గుడ్డ పడేసరికి, గుడ్డే చెవులు పోగొట్టిందని సేఠ్ మీద ఫిర్యాదు చేశారు. నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"మేడం, దీన్ని వెతుకుదాం" అంది.

ఇద్దరం అక్కడే, ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఈసారి ముక్కలు తనే చేసింది. నేసేవాళ్లు, పెదవులు చదవడం: కొన్ని వచ్చాయి. ఎక్కడో చలిదేశాల్లో, పాతకాలం మిల్లుల్లో నేతగత్తెలు ఇలాగే మాట్లాడుకునేవారట. వినికిడి లోపం, మాస్కు: చాలా వచ్చాయి, ఆ ఏడాది అందరూ దాని మీదే రాస్తున్నారు. మూడూ కలిపి, నేసేవాళ్లు యాండ్ పెదవులు యాండ్ మాస్కు. పేర్లన్నీ మార్చి చూసింది. నక్షత్రాలు పెట్టి చూసింది. ఇంకో రెండు డేటాబేసుల్లో చూసింది. ఎక్కడ చూసినా సున్నా.

మెహతా సార్‌కి ఆ సున్నా పంపితే పది నిమిషాల్లో ఫోను చేశారు. "మేడమ్ జీ! నేను మొదటే చెప్పానా లేదా? సున్నా!" వాట్సాప్‌లో చాయ్ కప్పుల బొమ్మలు వరుసగా వచ్చాయి. ఆయన సున్నాకీ ఈ సున్నాకీ తేడా ఏమిటని మీరడిగితే, ఈ సున్నా వెనక ఆ అమ్మాయి చదివిన వ్యాసాలన్నీ ఉన్నాయి. దీన్ని మించి నాకు చెప్పడం రాదు.

సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు

మీటింగు ఆన్‌లైన్‌లో. అహ్మదాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్, మా కాలేజీ వాళ్లు ముగ్గురు, మెహతా సార్. వెతుకులాట నేను చూశానని చెప్పడానికి నన్నూ కూర్చోబెట్టారు. శ్రీలత ఇంట్లోనే, ఒక మూల దుప్పటి తెరగా కట్టుకుని కూర్చుంది. అయినా ఆమె భుజం మీదుగా చాప మీద మల్లేశం గారు కనిపిస్తూనే ఉన్నారు. నోరెత్తనని ఒట్టు వేయించుకుందట.

మెహతా సార్ ఆపుకోలేక ముందే మొదలుపెట్టారు. "సార్, దీని మీద ప్రపంచంలో సున్నా." ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకున్నారు. నాకు మళ్లీ పాత పత్రిక కథ గుర్తొచ్చింది. శ్రీలత మాత్రం తొణకకుండా, ఎక్కడ వెతికిందో, ఏ మాటలతో వెతికిందో, ఏమేం దొరికాయో, అవి ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయాయో ఒక్కొక్కటే చూపించింది. ప్రొఫెసర్ వింటూ రాసుకున్నారు.

"బాగా వెతికావమ్మా" అన్నారు చివర్లో, హిందీలో. "కానీ వీళ్లు పెదవులు చదువుతారని నీ ఊహ కదా. కొంచెం వినిపిస్తూనే ఉందేమో. రుజువేది? రుజువు లేకుండా నేను సంతకం పెట్టలేను."

రుజువు కోసమే కదా చేయబోయే పరిశోధన. సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ గారింట్లో కుక్కరు కూత వేసింది. ఆయన మైకు ఆపేసి లోపలికి ఏదో అరిచారు. మళ్లీ ఇటు తిరిగి, మైకు పెట్టడం మరిచిపోయి, మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక్క ముక్క వినిపించదు. "సార్, మ్యూట్! సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు!" అని అందరం గోల. ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడుతూనే ఉన్నారు. తర్వాత ఆగి, జవాబు కోసం శ్రీలత వైపు చూశారు.

వెనక చాప మీద మల్లేశం గారు లేచి నిలబడ్డారు. ఒట్టు గట్టు మీద పెట్టేశారు.

"ఏందే బిడ్డా, సారు గట్ల మంచిగ అడుగుతుండు, జవాబు చెప్పవేంది? సేఠ్‌లు కార్ఖానల జొర్రనిస్తరా, ఆడపొల్లవు ఒక్కదానివే ఎట్ల పోతవ్ అని అడుగుతుండు. నేను తోల్కపోత అని చెప్పు!"

శ్రీలత కాక తెలుగు వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. ఆయన అన్నది మిగతావాళ్లకు హిందీలో చెప్పాను. ప్రొఫెసర్‌కి అప్పటికి మైకు సంగతి తెలిసింది. బటన్ నొక్కారు.

"నేను మ్యూట్‌లో ఉన్నానా?"

"ఉన్నారు సార్" అన్నాం అందరం.

"నేను అడిగింది అదే. మాటకి మాట అదే." ఆయన కళ్లజోడు తీసేశారు. "ఆయనకి ఎలా తెలిసింది?"

మెహతా సార్ ముందు తేరుకుని చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లూ కొట్టారు. ప్రొఫెసర్ గట్టిగా నవ్వి, "టాపిక్ పాస్. ఆయన పేరు థీసిస్‌లో మొదటి పేజీలో రాయి" అన్నారు. మల్లేశం గారు మా అందరి ముఖాలూ చూస్తూ తనూ నవ్వుతున్నారు.

"ఎందుకు నవ్వుతుండ్రు బిడ్డా? నేను తప్పు చెప్పిన్నా?" అన్నారు.

ప్రొఫెసర్ గొంతు మాకెవరికీ వినిపించనప్పుడు మల్లేశం గారికి ఆ తేడాయే తెలియలేదు. గొంతు ఉన్నా లేకపోయినా ఆయనకు ఒకటే. శ్రీలత తండ్రి వైపు తిరిగింది. ఏం చెప్పిందో మాకు వినిపించలేదు, ఎందుకంటే అంతలోనే కెమెరా, మైకు రెండూ ఆపేసింది. తెర మీద ఆమె చోట మిగిలిన నల్లటి పెట్టె వంక చూస్తూ కూర్చున్నాను. ఆమె చదువు నిలబడింది. తండ్రికి చెవులు లేవన్న సంగతి దానితోపాటే తేలిపోయింది. అందరూ వెళ్లిపోయాక మా ఆయన వచ్చి, పాసయిందా అని అడిగితే, అయిందని చెప్పి ఏడ్చాను.

గుమ్మం దగ్గర

తర్వాత ఆయనకి పరీక్ష చేయించారు, చెవి మిషను పెట్టించారు. "ఇది పెట్టుకుంటే సాంచాలు గింత గనం మొత్తుకుంటయని ఇప్పుడే తెల్సింది" అని దాన్ని చొక్కా జేబులోనే పెట్టుకుని పనికి వెళుతున్నారు. వాళ్లు ఊరు వెళ్లలేదు. మాట ప్రకారం కూతుర్ని కార్ఖానా కార్ఖానాకి ఆయనే వెంటబెట్టుకుని తిరిగారు. ఏ సేఠ్ ఏమన్నా, కూతురికంటే ముందు ఆయనకే తెలిసిపోయేది.

మెహతా సార్ ఇప్పుడు కొత్త పిల్లలకు, "ముందు మేడమ్ దగ్గరికెళ్లి సున్నా సరైనదో కాదో చూపించుకురండి" అని పంపుతున్నారని, నేను రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మానలేదని విన్నాను. పిల్లలు మా ఇంటికే వస్తున్నారు. మా ఆయన వాళ్లతో మునక్కాడలు తెప్పిస్తున్నాడు.

రిటైరైన మర్నాడు స్వీటు డబ్బా పట్టుకుని లింబాయత్ వెళ్లాను. మాస్కులు అప్పటికి పోయాయి. మల్లేశం గారు అటు తిరిగి కూర్చున్నారు. ఆయనతో మాట్లాడటం ఇప్పుడు నాకు అలవాటైంది. పిలవకూడదు. గుమ్మంలో వెలుతురు ముఖం మీద పడేలా నిలబడి, ఆయన ఇటు తిరిగేదాకా ఆగాలి. ఆగాను, తిరిగారు. నాకు ఏం బుద్ధి పుట్టిందో, గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రం కదిపాను. "చాయ్ ఉందా?"

ఆయన జేబు తడుముకుని, మిషను అక్కడే ఉందని చూసుకుని, నా వైపు చూసి మీసాల్లో నవ్వారు.

"చాయ్ పెట్టిపిస్త గని లోపటికి రండ్రి మేడం. గంత గట్టిగ ఒర్రుతరేంది, గల్లీల అందరికి ఇనవడ్తది!"